అత్తగారి తూనీగ

విశ్వవిద్యాలయంలో పనిచేసి రిటైరైన ఆడ ప్రొఫెసర్ల జ్ఞాపకాలతో ఒక పుస్తకం వెయ్యాలని కొత్తగా వచ్చిన వైస్ ఛాన్సలర్‌గారికి బుద్ధి పుట్టింది. లెక్క చూస్తే బతికున్నవాళ్ళు పదకొండుమంది తేలారు. తలా నాలుగు పేజీలు రాసి రెండు నెలల్లో పంపమని అందరికీ ఉత్తరాలు వెళ్ళాయి.

భూగర్భశాస్త్రం చెప్పిన రాళ్ళ మేడమ్‌కి ఆ ఉత్తరం అందేనాటికి డెబ్భై మూడేళ్ళు నిండి పది రోజులైంది. రాళ్ళ మేడమ్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. మొదట్లో చాటున అనేవారు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి ఆఫీసు గుమస్తా కూడా ఏదో కవరు మీద అలాగే రాసేసి నాలుక కరుచుకున్నాడు. ఆవిడకి పట్టింపు లేదు. ఆవిడ నేస్తాన్ని లెక్కల మేడమ్ అనేవారు. "నీ పేరుకంటే నాదే నయం, రాయైతే కనీసం చేతికి తగులుతుంది" అని రాళ్ళ మేడమ్ వేళాకోళం చేసేది.

లెక్కల మేడమ్ తన నాలుగు పేజీలూ మూడు రోజుల్లో రాసి పడేసింది. అందులో రెండు పేజీలు మరుగుదొడ్డి గురించే. విశ్వవిద్యాలయం పెట్టిన కొత్తలో సైన్సు భవనంలో ఆడ లెక్చరర్లు వీళ్ళిద్దరే. ఆ భవనంలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. ఎండైనా వానైనా గ్రంథాలయం దాకా నడవాలి. పోనూ రానూ ఆరు వందల మీటర్లు. రోజుకి మూడు సార్లు, ఏడాదికి రెండు వందల ఇరవై పనిదినాలు, ఇద్దరు మనుషులు. అంతా గుణించి, ఏడాదికి ఏడు వందల తొంభై రెండు కిలోమీటర్లు నడుస్తున్నాం, ఆ నడకకి పట్టే గంటల్లో ఎన్ని పాఠాలు చెప్పవచ్చో వెనక పేజీలో చూడగలరు అని లెక్కల మేడమ్ రిజిస్ట్రార్‌కి అర్జీ పెట్టింది. ఆయన ఆ గుణకారం మళ్ళీ తను చేసి చూసుకున్నాడట. నెలన్నరలో మేస్త్రీలు వచ్చారు.

రాళ్ళ మేడమ్‌కి మాత్రం కలం సాగలేదు. నెలన్నర దాటాక ఎలాగో నాలుగు పేజీలు నింపి, ఒకనాటి సాయంత్రం నేస్తాన్ని టీకి పిలిచి చేతికిచ్చింది. లెక్కల మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఫలానా సంవత్సరం చేరాను, ఫలానా సంవత్సరం రీడర్‌నయ్యాను, ఫలానా సంవత్సరం ప్రొఫెసర్‌నయ్యాను, పదహారుమంది నా దగ్గర పరిశోధన చేశారు. అంతే.

"ఇది జ్ఞాపకం కాదు, బస్సుల టైమ్ టేబుల్" అంది కాగితాలు బల్లమీద పెడుతూ. మళ్ళీ ఓసారి తిరగేసి, "ఇందులో మీ అత్తగారేరీ?" అని అడిగింది.

"ఆవిడ ప్రొఫెసర్ కాదు కదా" అంటూ రాళ్ళ మేడమ్ కప్పులు రెండూ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కప్పుల్లో టీ ఇంకా సగం ఉంది.

ఆ అత్తగారి సంగతి చెప్పాలంటే నలభై అయిదేళ్ళు వెనక్కి పోవాలి.

రాళ్ళ మేడమ్ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు క్లాసులో నలుగురు ఆడపిల్లలు చేరారు. భూగర్భశాస్త్రం చదివేవాళ్ళు ఏడాదికోసారి పది రోజులు కొండలూ గుట్టలూ తిరగాలి, సుత్తితో రాళ్ళు కొట్టి చూడాలి, ఏ పొర ఎటు వాలిందో కొలుచుకోవాలి. అది లేకపోతే చదువే లేదు. కానీ ఆ శాఖ హెడ్ సార్ ఆడపిల్లల్ని పంపనన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పెద్ద మీసాలు, చిన్న గుండె. ఆ పది రోజులూ పిల్లలు గదిలో కూర్చుని చార్టులు గీసుకుంటారు, మార్కులు సమానంగా వేద్దాం అన్నాడు.

"ఏదైనా జరిగితే వాళ్ళ అమ్మానాన్నలకి జవాబెవరు చెప్తారమ్మా?" అని అడిగాడు.

"నేను చెప్తాను సార్."

"నువ్వూ ఆడపిల్లవే కదా. నీ తరఫున ఎవరు చెప్తారు?"

అలా అని ఊరుకోకుండా బీరువాలోంచి ఒక పాత నిబంధన తీసి చూపించాడు. బాధ్యత గల ఒక పెద్ద వయసు స్త్రీ వెంట ఉంటే తప్ప విద్యార్థినులు బయట బస చేయరాదు. అలాంటి మనిషిని తెచ్చుకుంటే చూద్దాంలే అన్నాడు. ఇల్లూ వాకిలీ వదిలి పది రోజులు రాళ్ళల్లో తిరగడానికి ఏ పెద్దావిడ వస్తుందిలే అని ఆయన ధీమా.

ఆ రాత్రి భోజనాల దగ్గర రాళ్ళ మేడమ్ మొగుడితో ఈ సంగతంతా చెప్పుకుని వాపోయింది. ఆయన టెలిఫోన్ల ఆఫీసులో ఇంజనీరు, మితభాషి. వింటూ తలూపాడు. పక్కన కూర్చున్న అత్తగారు మాత్రం ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగింది.

"పెద్ద వయసంటే ఎంతటమ్మాయ్?"

"యాభై దాటాలట అత్తయ్యా."

"నాకు యాభై తొమ్మిది. సరిపోతుందేమో రేపు కనుక్కో."

అత్తగారు ముప్ఫై ఏళ్ళు భర్తతో కలిసి చిల్లర దుకాణం నడిపిన మనిషి. తూకం ఆయనది, సరుకు శుభ్రం చేయడం ఈవిడది. పప్పుల్లో, బియ్యంలో రాళ్ళేరడమే రోజంతా పని. భర్త పోయాక దుకాణం అమ్మేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది. వచ్చిందన్న మాటే గానీ చేతులకి పని లేక ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుండేది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది. అలాంటి మనిషికి ఈ కబురు చెవిన పడింది. ఇక ఆగుతుందా?

బయలుదేరే రోజు హెడ్ సార్ బస్సు దగ్గరికి వచ్చేసరికి, అత్తగారు కాన్వాస్ బూట్లు తొడుక్కుని, తల మీంచి కొంగు బిగించి, ముందు సీట్లో కూర్చుని ఉంది. పిల్లల పూచీ నాది, మీరు నిశ్చింతగా ఉండండి అని ఆయనకి భరోసా ఇచ్చి, డ్రైవర్‌ని బ్రేకులు ఒకసారి తొక్కి చూపించమంది. హెడ్ సార్ మీసం దువ్వుకుంటూ నిలబడిపోయాడు.

మొదటి రోజు ఆవిడ నీడపట్టున కూర్చుని అరగంటకోసారి పిల్లల తలలు లెక్కపెట్టింది. రెండో రోజుకి విసుగు పుట్టింది. లోయలోకి దిగివచ్చి, "మీరు వెతికేదేమిటో చెబితే నేనూ వెతుకుతాను" అంది. కోడలు ఓపిగ్గా చెప్పింది. ఆమ్లం చుక్క వేస్తే బుస్సుమని నురగ వచ్చేది సున్నపురాయి, గోటితో పొరలు పొరలుగా లేచేది బంకమట్టి గట్టిపడి అయిన రాయి. అత్తగారికి ఆ పేర్లు నోరు తిరగక తన పేర్లు తను పెట్టుకుంది. ఒకటి నురగరాయి, ఇంకోటి పుస్తకం రాయి. ఆ పేర్లు పిల్లల నోళ్ళకి ఎంతగా అతుక్కుపోయాయంటే, వాళ్ళలో ఒకమ్మాయి పరీక్షలో నురగరాయి అని రాసేసింది. పేపర్లు దిద్దడానికి పైఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అదే కొత్త రకం రాయని హెడ్ సార్‌ని అడిగాడట.

ఏరిన రాళ్ళని గుడ్డ సంచుల్లో వేసి నంబర్లు రాసేవారు. పొద్దుటి మంచుకి సిరా చెరిగిపోయి, ఏ రాయి ఏ గుట్టదో తెలియక తల పట్టుకునేవారు. మరుసటి ఏడు అత్తగారు ఇంట్లో ఉన్న పాత దిండు గలీబులన్నీ కత్తిరించి రెండు వందల సంచులు కుట్టి, ఒక్కోదాని మీదా ఎర్రదారంతో నంబరు కుట్టింది. మగపిల్లల జట్టు వాళ్ళు కూడా మాకూ కుట్టిపెట్టండి అంటూ వచ్చారు. క్లాసులో ఆడపిల్లలు నలుగురు కాస్తా తొమ్మిదిమందయ్యారు. మీ అత్తగారు వెంట వస్తారంటేనే మా పిల్లని ఈ చదువులో చేరుస్తాం అని మొహమ్మీదే చెప్పిన తల్లులున్నారు.

మూడో ఏడు ఒక పాత రాతి గనికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. పిల్లలు చెమటలు కక్కుతున్నారు. రాళ్ళ మేడమ్ పొరల మందం కొలుస్తూ పుస్తకంలో రాసుకుంటోంది. అత్తగారు ఒక పలకలాంటి రాయి చేత్తో పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఈ రాతిలో తూనీగ ఉంది."

పిల్లలు నవ్వారు. అలాంటి రాళ్ళ పొరల మధ్య నల్లటి మరకలు చెట్టుకొమ్మల ఆకారంలో పడుతుంటాయి, కొత్తవాళ్ళు చూసి మోసపోతారు. రాళ్ళ మేడమ్ తలెత్తకుండానే, "అది మరక అత్తయ్యా" అంది.

"మరకకి ఈనెలుంటాయా?"

ఆ మాటకి తలెత్తింది. రాయి అందుకుని భూతద్దం కింద పెట్టింది. చిటికెన వేలంత రెక్క. సన్నని ఈనెలు, వాటి మధ్య గళ్ళు గళ్ళుగా, ఎవరో సూదితో గీసినంత స్పష్టంగా. రాళ్ళ మేడమ్ రాసుకుంటున్న పుస్తకం పక్కన పడేసి, రాయిని ఎండకి తిప్పి మళ్ళీ చూసింది. ఆ ప్రాంతంలో ఎవరికీ ఎన్నడూ దొరకనిది, కోట్ల ఏళ్ళనాటిది.

"ఎలా కనిపించింది అత్తయ్యా నీకు?" అని అడిగితే, "పప్పులో రాయి ఏరినదాన్ని, రాయిలో పప్పు కనిపించదా?" అంది అత్తగారు.

రాళ్ళ మేడమ్ నాలుగు నెలలు కూర్చుని దానిమీద పరిశోధన పత్రం రాసింది. చివర ధన్యవాదాల చోట, ఈ నమూనాను గుర్తించి ఏరినవారు మా అత్తగారు అని పేరుతో సహా రాసి, ఇంట్లో చదివి వినిపించింది కూడా. అత్తగారు ఆ పూట కోడలికి రెండు సార్లు అన్నం వడ్డించింది.

హెడ్ సార్ పత్రమంతా చదివి మెచ్చుకున్నాడు. చివరి పేరా దగ్గర ఆగాడు. భూగర్భశాస్త్రం పత్రికలో ఇంటి సంగతులెందుకమ్మా అన్నాడు. దుకాణం నడిపిన పెద్దావిడ ఏరిందంటే ఈ శాఖలో చదువుకున్నవాళ్ళు లేరా అని నవ్వుతారన్నాడు. వచ్చే నెలలో ఉద్యోగం ఖాయం చేసే కమిటీ కూర్చుంటుందని, అందులో ఇద్దరికి ఆడవాళ్ళు ఈ శాఖలో ఉండటమే గిట్టదని, వాళ్ళ నోటికి మేత ఎందుకని అన్నాడు. అన్నీ మెత్తగానే అన్నాడు. రాళ్ళ మేడమ్ అరగంట తన గదిలో కూర్చుంది. తర్వాత కలం తీసి ఆ పేరా కొట్టేసింది. దాని బదులు సదుపాయాలు కల్పించిన శాఖాధిపతిగారికి ధన్యవాదాలు అని ఒక్క వాక్యం రాసింది. ఉద్యోగం ఖాయమైంది.

పత్రిక అచ్చై వచ్చిన రోజు అత్తగారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీలో కుదురుగా కూర్చుని అందుకుంది. రెక్క బొమ్మ చూసుకుంది. పేజీలు తిప్పింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

"నా పేరెక్కడమ్మాయ్?"

రాళ్ళ మేడమ్ వేలు దానంతటదే చివరి వాక్యం మీదికి పోయింది. "ఇదిగో అత్తయ్యా."

అత్తగారు ఆ చోట తన వేలు ఆనించి కాసేపు చూసింది. "చిన్నగానే ఉందే" అంది.

"ఇంగ్లీషులో అంతే."

ఆ పత్రికని అత్తగారు తన మంచం పక్కన సొరుగులో దాచుకుంది. పక్కింటివాళ్ళు వచ్చినా, చుట్టాలు వచ్చినా, చివరికి జ్వరం చూడటానికి డాక్టరొచ్చినా తీసి చూపించేది. ఇదిగో నా పేరు, మా కోడలు వేయించింది అనేది. ఆ మాట వినిపించినప్పుడల్లా రాళ్ళ మేడమ్ ఏదో పనున్నట్టు ఇంకో గదిలోకి తప్పుకునేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పన్నెండేళ్ళు గడిచాయి. అందులో మొదటి ఆరేళ్ళూ అత్తగారు ఏటా కొండలకి వస్తూనే ఉంది. తర్వాత మోకాళ్ళు మొరాయించి మానుకుంది. డెబ్భై మూడేళ్ళు నిండాక పోయింది. కోడలికి ఇప్పుడదే వయసు.

ఈ సంగతి రాళ్ళ మేడమ్ ఎవరితోనూ అనలేదు. మొగుడితో కూడా. ఆయన పోయి ఎనిమిదేళ్ళవుతోంది, ఇక చెప్పడానికి ఆయనా లేడు. లెక్కల మేడమ్ ఆ ప్రశ్న అడిగి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే టైమ్ టేబుల్ కాగితాలు చింపేసి, మళ్ళీ మొదటినుంచీ రాయడానికి కూర్చుంది. వారం రోజులు రాసింది. నాలుగు పేజీలు తొమ్మిదయ్యాయి. బూట్లూ, సంచులూ, నురగరాయీ, రెక్కా, కొట్టేసిన పేరా, వేలు పెట్టి చెప్పిన అబద్ధం, ఏదీ దాచుకోలేదు. రాశాక ముందుగా నేస్తానికే ఇచ్చింది.

లెక్కల మేడమ్ చదవడం పూర్తిచేసి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏ విషయానికైనా ముందు నోరు, తర్వాత ఆలోచన ఆవిడకి. అలాంటిది ముందు తొమ్మిది కాగితాలూ వరసగా పేర్చింది.

"ఆవిడకి తెలుసు" అంది చివరికి.

"ఏం తెలుసు?"

"తన పేరు అందులో లేదని. పత్రిక వచ్చిన వారానికే తెలుసు. నాచేతే చదివించుకుంది."

జరిగిందేమిటంటే, అత్తగారి పోస్టాఫీసు పుస్తకం మీద ఆవిడ పేరు ఇంగ్లీషులో రాసి ఉండేది. చదవడం రాకపోయినా ఆ పేరు ఆకారం ఆవిడకి తెలుసు. మొదటి అక్షరం పాములా మెలికలు తిరిగి ఉంటుంది. కోడలు చూపించిన చోట పాము లేదు. పత్రికలో వాక్యాలన్నీ ఒక్కొక్కటే వెతికి చూసుకుంది, పాముతో మొదలైన మాటలు దొరికాయి గానీ ఏదీ తన పేరు ఆకారంలో లేదు. ఒకనాడు కోడలు ఇంట్లో లేనప్పుడు లెక్కల మేడమ్ వస్తే, తలుపు దగ్గరగా వేసి, ఇక్కడేముందో చదివి పెట్టమ్మా అని అడిగింది. లెక్కల మేడమ్‌కి అబద్ధమాడటం చేతకాదు. ఇక్కడున్నది హెడ్ సార్‌కి ధన్యవాదాలని చెప్పేసింది. అత్తగారు ఒక్క క్షణం నిర్ఘాంతపోయి, తర్వాత పకపకా నవ్విందట. వారం నుంచీ ఆ మీసాలాయన మీద వేలు పెట్టి నేనే అంటున్నానా అని. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఈ సంగతి పిల్లకి తెలియనివ్వకు అని లెక్కల మేడమ్ చేత మాట తీసుకుంది.

రాళ్ళ మేడమ్ మొహం ఎర్రబడింది. నేస్తానికి తెలిసీ నలభై ఏళ్ళకి పైగా తనని ఈ బరువు మోయనిచ్చిందన్నమాట. అదే మాట అంది. ఆవిడ పోయాకైనా చెప్పి ఉండొచ్చు కదా అంది. నువ్వు ఇది మోస్తున్నావని నాకేం తెలుసు, నువ్వెప్పుడు నోరు విప్పావు గనక, మర్చిపోయావనే అనుకున్నాను అంది లెక్కల మేడమ్. అందులో న్యాయం ఉంది. కానీ ఆ పూట న్యాయం ఎవరికి కావాలి? రాళ్ళ మేడమ్ కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

తొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు. నలభై ఏడేళ్ళ స్నేహంలో అంత కాలం మాట్లాడుకోకపోవడం అదే మొదలు. పదో రోజు పొద్దున రాళ్ళ మేడమ్ చెప్పులు తొడుక్కుని నాలుగు వీధులు నడిచి వెళ్ళి నేస్తం తలుపు తట్టింది. లెక్కల మేడమ్ నూనె రాసుకున్న తలతో తలుపు తీసింది.

"ఇంకా ఏమంది?" అని అడిగింది రాళ్ళ మేడమ్, గుమ్మంలోనే నిలబడి. "ఆ రోజు. మొత్తం చెప్పు."

లోపల కూర్చున్నాక లెక్కల మేడమ్ మొత్తం చెప్పింది. మీకు బాధగా లేదా అని తను అడిగితే అత్తగారు, "నేను చూసింది నేను చూశాను కదమ్మా, దాన్నెవరు కొట్టేస్తారు" అందట. మరి తెలుసని పిల్లకి చెప్పేయొచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలుసని తెలిస్తే ఆ పిల్ల నా మొహం చూడలేదు. మొహం చూడలేకపోతే వచ్చే ఏడు కొండలకి నన్ను రమ్మనదు. నాకు కొండలకి వెళ్ళాలనుంది" అంది. ఇక అందరికీ చూపించడమంటావా, ఉన్నట్టుండి మానేస్తే అనుమానం వస్తుంది, అందుకే చూపిస్తూ వచ్చింది అని లెక్కల మేడమ్ విడమర్చింది.

రాళ్ళ మేడమ్ ఏడ్చింది. ఆవిడ ఏడవడం లెక్కల మేడమ్ అంతకుముందు ఒక్కసారే చూసింది. ఏం చెయ్యాలో తోచక తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అది తల తుడుచుకున్న తువ్వాలు. నూనె వాసన వేస్తోందని రాళ్ళ మేడమ్ ఏడుపులోనే విసుక్కుంది. అక్కడితో ఇద్దరూ సర్దుకున్నారు.

తొమ్మిది పేజీలూ విశ్వవిద్యాలయానికి వెళ్ళాయి. వారానికి పుస్తకం పని చూస్తున్న అమ్మాయి ఇంటికి వచ్చింది. చరిత్ర శాఖలో చిన్న లెక్చరర్. కుర్చీ అంచున కూర్చుని, ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలింది. కమిటీలో రెండు అభ్యంతరాలు వచ్చాయంది. ఇది ప్రొఫెసర్ల పుస్తకం, ఇందులో సగానికి పైగా మీ అత్తగారే ఉన్నారన్నది ఒకటి. హెడ్ సార్ పోయినా ఆయన పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు, నొచ్చుకుంటారన్నది రెండోది.

రెండో దానికి రాళ్ళ మేడమ్ వెంటనే ఒప్పుకుంది. కలం తీసుకుని ఆ చోట దిద్దింది. ఆయన సలహా ఇచ్చారు, కొట్టేసింది నేనే, కలం నా చేతిలోనే ఉంది అని రాసి, ఆయన తర్వాత్తర్వాత ఆడపిల్లల కోసం విడిగా ఒక బస్సు సాధించిన సంగతి కూడా చేర్చింది. అది నిజమే, ఆయన ఆ బస్సు కోసం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు.

మొదటి దానికి మాత్రం ఒప్పుకోలేదు. "చూడమ్మా" అంది. "ఆవిడ రాకపోతే ఆ నలుగురూ చార్టులు గీసుకుని వెళ్ళిపోయేవారు. నేను చార్టులు దిద్దుకుంటూ రిటైరయ్యేదాన్ని. నన్ను ప్రొఫెసర్ని చేసిన మనిషిని తీసేసి నా గురించి ఏం రాయమంటావు?"

ఆ అమ్మాయి తన పిల్లని రోజూ అమ్మ దగ్గర వదిలి కాలేజీకి వస్తున్నానని, ఈ పుస్తకం పని కూడా అలాగే చేస్తున్నానని, అమ్మ పేరు ఎక్కడా వేయాలని తనకి తట్టనే లేదని చెప్పింది. కమిటీతో నేను మాట్లాడతాను మేడమ్ అని లేచింది. ఎలా మాట్లాడిందో గానీ తొమ్మిది పేజీలూ ఉన్నవి ఉన్నట్టు అచ్చయ్యాయి. పుస్తకం మొదట్లో ఆ అమ్మాయి తల్లి పేరు కూడా ఉంది.

పాత పత్రిక వాళ్ళకి కూడా రాళ్ళ మేడమ్ ఉత్తరం రాసింది. వాళ్ళు చాలా మర్యాదగా, శాస్త్ర విషయంలో తప్పులుంటేనే దిద్దుతామని, ధన్యవాదాలు దిద్దే ఆనవాయితీ లేదని జవాబిచ్చారు. లెక్కల మేడమ్‌కి ఒళ్ళు మండి తను ఇంకో ఉత్తరం రాసింది. దానికి జవాబే రాలేదు.

కానీ రాయి విశ్వవిద్యాలయంలోనే ఉంది. భూగర్భశాస్త్ర శాఖ మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, పక్కన పసుపు పట్టిన చీటీతో. ఇద్దరూ ఒక పూట ఆటో చేసుకుని అక్కడికి వెళ్ళారు. మ్యూజియం చూసుకునే కుర్రావిడ కొత్త చీటీ ఇచ్చి, అన్ని గళ్ళూ నింపాలి మేడమ్, లేకపోతే కంప్యూటర్ తీసుకోదు అంది. నమూనా, దొరికిన చోటు, సంవత్సరం. ఏరినవారు అన్న చోట రాళ్ళ మేడమ్ అత్తగారి పూర్తి పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. తర్వాతి గడి హోదా.

"క్షేత్ర సహాయకురాలు అని రాయి" అంది లెక్కల మేడమ్.

"ఆ ఉద్యోగం ఆవిడకి ఎవరిచ్చారు?" అని, రాళ్ళ మేడమ్ క్షణం ఆలోచించి, దుకాణదారు అని రాసింది.

చీటీ పెట్టెలో పెట్టేసరికి చుట్టూ పిల్లలు పోగయ్యారు. దుకాణదారు ఏమిటి, ఈవిడెవరని ఒకమ్మాయి అడిగింది. లెక్కల మేడమ్ అందుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ నోట్లో పడితే లెక్కలు తప్ప అన్నీ పెరుగుతాయి. రెండు వందల సంచులు రెండు వందలే ఉన్నాయి గానీ, గని లోతు రెట్టింపయింది, ఎండ మూడింతలయింది. రాళ్ళ మేడమ్ రెండు చోట్ల అడ్డుకుని, తర్వాత వదిలేసింది.

శాఖ అధిపతి కూడా ఇప్పుడు ఆడమనిషే. వచ్చే వారం పిల్లల్ని ఆ పాత గనికే తీసుకెళ్తున్నామని, మీరూ వస్తే బాగుంటుందని పిలిచింది. రాళ్ళ మేడమ్ తన మోకాళ్ళని తలుచుకుని సందేహించింది. నేనూ వస్తాను పద, నలభై ఏడేళ్ళుగా వినడమే తప్ప నీ రాళ్ళెలా ఉంటాయో ఒక్కసారీ చూడలేదు అంది లెక్కల మేడమ్.

బస్సులో నలభైమంది పిల్లలు, అందులో ఇరవై ఆరుగురు అమ్మాయిలు. గని సగం నీళ్ళతో నిండిపోయింది, కానీ పై పొరలు ఇంకా బయటికే ఉన్నాయి. కిందికి దిగడం ఇద్దరి వల్లా కాలేదు. గట్టు మీద మడత కుర్చీలు వేసిచ్చారు. పిల్లలు కింద సుత్తులతో కొడుతూ, పలకలు విప్పుతూ, దొరికినదల్లా పైకి మోసుకొచ్చి రాళ్ళ మేడమ్‌కి చూపించారు. ఆవిడ ఒక్కోటీ భూతద్దం పెట్టి చూసి, ఇది మరక, ఇది గీత, ఇది నీ సుత్తి దెబ్బే అని చెబుతూ వచ్చింది. మధ్యాహ్నానికి ముప్ఫై దాకా చూసింది. వాటిలో ఒక్కటీ పనికొచ్చేది లేదు. ఆవిడకి మాత్రం ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టుంది.

బొద్దుగా ఉన్న ఒక అమ్మాయి నాలుగోసారి ఎక్కి వచ్చింది, వగరుస్తూ, మోచేతుల దాకా మట్టితో.

"ఇది కూడా ఏమీ కాదా మేడమ్?"

రాళ్ళ మేడమ్ ఈసారి తొందరపడలేదు. రాయిని అటూ ఇటూ తిప్పి, ఎండకి వాల్చి, అంచుల దాకా చూసింది. లెక్కల మేడమ్ కూడా పక్కనుంచి మెడ చాచింది.

"ఏమీ కాదు. కానీ బాగా చూశావు" అని రాయి తిరిగి ఇచ్చింది. "వెళ్ళు. ఇంకోటి తీసుకురా."